వెంట్రుక వాసి

ఇంగ్విల్డ్ చూపు కూడా ముందు పెద్దదాని మీదే పడింది.
పన్నెండొందల సీసీ, ఎత్తైన గాలి అద్దం, మూడు పెట్టెలు,
పెళ్లికొడుకులా షెడ్డు మధ్యలో.

"ఎక్కడెక్కడ తిరుగుతారు?"
"హెల్గెలాండ్ తీరమంతా.
బడుల్లో, చర్చిల్లో పియానోలు శ్రుతి చేస్తాను.
రోజుకి మూడు ఫెర్రీలు."

ఫెర్రీ అంటే తడిసిన ఇనుప పలక.
దాని మీద రెండొందల డెబ్బై కిలోలని
మునివేళ్లతో ఆపి చూడాలి,
అప్పుడు తెలుస్తుంది.
ఇదంతా నేను అనలేదు.
కూర్చోమన్నాను, అంతే.
మడమలు నేలకందలేదు. దిగేసింది.

మూలన పాత ఆరొందల యాభై.
ఎడమవైపు గీతలు, సీటుకి చేతికుట్టు.
"పడిందా?"
"రెండుసార్లు. మా గున్వోర్ ఒక్కతే లేపింది."

టైర్లు చూడలేదు, ఎన్ని కిలోమీటర్లని అడగలేదు,
స్టార్ట్ చేసి కళ్లు మూసుకుంది.
రేకుల మీద వాన.
"లోపల ఒక వాల్వు
తాళం తప్పుతోంది," అంది.
ముప్ఫై ఏళ్లుగా ఇదే నా పని.
నాకు వినపడలేదు.

రెండు కాఫీలయ్యి, ఇంజను చల్లారాక
మూత విప్పి గేజు పెట్టాను.
నిజమే. వెంట్రుక వాసి ఎడం.
సరిచేసి, రెండు వేల క్రోనర్లు తగ్గించాను,
అడక్కుండానే.

శ్రుతి పనిముట్ల పెట్టె వెనక కట్టుకుంటూ అడిగింది:
"మరి మీ ఆవిడ దీన్నెందుకు వదులుకుంటోంది?"

"నేను పని మానేస్తున్నాను.
ఇక వెనక సీటు నాదట.
ఇద్దరికీ పెద్దది కావాలంటోంది."

మధ్యలో ఉన్నదాని వైపు చూసి నవ్వింది.
దొరికిపోయాను.
వసంతం దాకా ఎవరొచ్చినా
ముందు దాని మీదే కూర్చోబెడుతున్నాను మరి,
పొట్టివాళ్లనైతే రెండుసార్లు.