సూది బెజ్జాలు

ఫ్రౌక్యే అమ్మమ్మ డిటెక్టివ్ నవలని
చివరి పేజీ నుంచి మొదలుపెట్టేది.
"హంతకుడెవడో ముందే తెలియాలి,
వాడితో మూడొందల పేజీలు కాపురం చెయ్యొద్దూ!"

డోకుమ్‌లో, కాలవ పక్కన
ఆమె అద్దె పుస్తకాల కొట్టు.
యుద్ధంలో జర్మన్ సైనికులు కూడా వచ్చి
పేజీలు తిరగేసి పోయేవారట;
అక్షరాల కింద సూదితో పొడిచిన కబుర్లు
వాళ్ల వేళ్ల కిందే ఉండేవట.

ఇంతవరకూ ఊరందరికీ తెలుసు.
గోడకి రాగిరేకు కూడా బిగించారు.

ఆమె పోయాక దొరికింది
ఎవరికీ అద్దెకివ్వని నవల ఒకటి.
నూట పన్నెండో పేజీ కిటికీకి పట్టాను.
జనవరి వెలుతురు, నీళ్లపాల వెలుతురు,
బెజ్జానికో అక్షరం చొప్పున కారింది:

*పట్టిచ్చింది వీబ్రెన్ కాదు. మా అన్న.*

రొట్టెల వీబ్రెన్.
మనవాళ్లే, వంతెన కింద, రెండు తూటాలు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.
ఆమె చించుకోలేదు.
నలభై ఏళ్లు, వానైనా మంచైనా,
వీబ్రెన్ పెళ్లాం కొట్లో
రోజూ రెండు రొట్టెలు కొనేది.
తినేది తనొక్కతే.

రెండోది కాలవలో బాతులకి.

బాతులంటే ప్రాణం అనుకునేవాళ్లం.