ఆరు బోల్టుల పట్టీ

కేజీహెచ్ ఎముకల వార్డులో
ఎక్స్‌రేని కిటికీకి ఎత్తిపట్టి చూపించింది డాక్టరమ్మ.
వెనక సముద్రం. ముందు నా కాలర్‌బోను,
కెరటం మీద విరిగిన తెడ్డులా.

ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీంచి జారి
భుజంతో పడ్డాను.
టేకు చప్పుడు కాదది, మామిడిచెక్కది.
పడగానే తెలిసింది, లోపల పేళ్లు లేచాయని.

"రెండు దారులున్నాయి ఎల్లాజీ" అంది.
కేస్‌షీటు వెనక గీసింది.
పైన ప్లేటు పరిచి ఆరు స్క్రూలు బిగించడం ఒకటి.
చివర్నించి మూలుగలోకి
ఒకే పొడుగాటి స్క్రూ దించడం రెండోది.
గాటు చిన్నది, మచ్చ చిన్నది,
బనీను వేసుకుంటే ఎవరికీ తెలీదు.

పక్క మంచం గౌరీశంకర్‌కి వేసింది అదే.
హనుమంతవాక దగ్గర బండి జారిందట.
రెండంగుళాల గాటు అందరికీ చూపించి
మొదటాట టిక్కెట్టు దొరికినట్టు మురిసిపోతున్నాడు.
నాకూ అదే కావాలనిపించింది, అబద్ధమెందుకు.
దుంగలు మోసే భుజం నాది.
తోలు కింద ఇనుముంటే దుంగ ఊరుకుంటుందా?

కానీ ముప్పయ్యేళ్లు బర్మా తిప్పిన చెయ్యి కదా,
పెన్ను అడిగి తీసుకున్నాను, ఎడంచేత్తోనే.
"అమ్మా, ఈ ఎముక వంకరగుంది.
వంకర చెక్కలో తిన్నటి చీల దించితే
సగం పోయాక దాని దారి అది సూసుకుంటాది.
రెండు ముక్కలైతే ఎలాగో పట్టుకుంటాది.
ఎన్ని ముక్కలు?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు.
"మూడు. మధ్యది అడ్డం తిరిగింది."
"ఐతే పట్టీయే ఎయ్యండి.
ఉప్పుగాలికి తుప్పు పడతాదా?"
నవ్వింది. ఆ నవ్వుకి
వార్డు చివర నర్సు వెనక్కి తిరిగింది.

మూడు నెలలకి ఓపీ వరసలో కలిశాడు కుర్రాడు.
స్క్రూ తల భుజం వెనక పొడుచుకొస్తోందట,
ఎముక అతికింది, ఇక తీసేస్తారట.
నాది తీయరు.
రంపాల సంచీ, మా ఆవిడ తల,
ఏది ఆనినా అంచు తెలుస్తుంది.
గాటు కింద బెత్తెడు తోలుకి స్పర్శే లేదు.
ఎవరిది మేలని ఇద్దరం టీ కొట్టు దగ్గర
చాలాసేపు వాదించుకున్నాం.
తేలలేదు. డబ్బులు వాడే ఇచ్చాడు.

నిన్న బోటు అడుగున పట్టీ వేస్తుంటే
"ఎన్ని బోల్టులు మావా?" అన్నాడు సన్యాసి.
"ఆరు" అన్నాను.
చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి
లెక్కపెట్టుకుని వచ్చింది.