రాత్రి కిటికీ

లుబ్లిన్‌లో రాత్రిపూట మందులషాపు తలుపు తీయరు.
తలుపులో చిన్న కిటికీ ఉంటుంది,
అరచేయి పట్టేంత.
ముప్పై ఏళ్ళుగా నాకు మనుషులంటే చేతులే.

రెండు దాటింది. మంచు అడ్డంగా కురుస్తోంది.
గంట నొక్కిన చేతికి గ్లవ్స్ లేవు.
కోటు గుండీల మధ్య ఇంకో తల,
కమిలిన చెంపలతో, ఆరు వారాలది.

"పేరు?"
"బోగుష్."
"మీదా, వాడిదా?"
"వాడిది. నేను జెమోవిత్.
ఏది రాసినా ఎర్రబడుతోంది."
"ఏది రాశారు?"
"అన్నీ."

ఒక్కొక్కటే కిటికీలోంచి లోపలికొచ్చాయి.
ఏనుగు బొమ్మ లోషన్. కుందేలు బొమ్మ నురగ.
చామంతి నూనె మీద బంగారు అక్షరాలు: ప్రకృతి నుంచి.
దురదగొండి కూడా ప్రకృతిదే కదా అన్నాను.
ఆయన నవ్వలేదు.

నుదుటి మీది కళ్ళద్దాలు దించుకుని
చీమకాళ్ళంత అక్షరాలు చదివాను.
చివరి వరసలో అన్నిటికీ ఒకటే మాట: పరిమళం.
ఆ మాట వెనక ఎన్ని నక్కి కూర్చున్నాయో
రాసినవాడు చెప్పడు, నాకు తెలియదు.

పౌడరు డబ్బా వచ్చింది.
"ఇది ఒంటికంటే ముందు ఊపిరితిత్తులకు అంటుతుంది."

కాసేపు ఆగి, ఆఖరికి,
రేకుమూత పాత గాజుసీసా.
మూత తీయకుండానే తెలిసింది, కర్పూరం.
"మా నాయనమ్మది. మా నాన్నకీ నాకూ ఛాతీకి ఇదే రాసింది.
మేం బాగానే ఉన్నాంగా."

బాగున్నవాళ్ళే కదా ఆ మాట చెప్పగలిగేది.
నోటిదాకా వచ్చింది.
మా తమ్ముడి సంగతి కూడా.

"వాడి చర్మం ఇంకా గోడ కాలేదు బాబూ,
పలచటి గుడ్డ. పైన పూసింది లోపలికి ఇంకుతుంది.
ఇది మాత్రం దగ్గరికి కూడా రానీకు."

"మరి ఏం రాయను?"
"ఏమీ వద్దు. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ.
అద్దు, రుద్దకు.
పొద్దున డాక్టరుకి చూపించు.
ఒళ్ళు కాలితే పొద్దుటిదాకా ఆగొద్దు."

ఏమీ అమ్మలేదు.
సున్నాకి బిల్లు కొట్టడం ఈ మిషన్‌కి రాదు.

సీసాలన్నీ వదిలేశాడు, ఆ గాజుసీసా తప్ప.
"అటక మీద పెడతాను.
పారేస్తే ఆవిడకి తెలిసిపోతుంది."
పోయి ఎన్నేళ్ళయిందని నేను అడగలేదు.

వెళ్ళబోతూ కోటులోకి వంగి వాసన చూశాడు.
"వీడికసలు సొంత వాసనే లేదు."
ఉంది.
ఇవన్నీ వదిలాక తెలుస్తుంది.

కిటికీ మూశాను.
నా చేతుల నిండా ఏనుగు, కుందేలు, చామంతి.
మూడుసార్లు కడిగినా పోలేదు.