మొప్పల ఎరుపు

జగదాంబ దగ్గర మా కొట్టు.
ఏసీ గాలిలోకి ఆమెతోపాటు
కాస్త ఉప్పువాసన కూడా వచ్చింది.

"సొసైటీ కార్డుకి ఫొటో అమ్మా.
కిందటేడు తీసిందాంట్లో బూడిదలాగున్నాను."

నూకరత్నం. పెదజాలారిపేట.

ముందు గులాబీరంగు పెట్టాను.
ఆ నల్లటి నునుపు మీద సుద్దగీతలా తేలింది.
తుడిచేశాను.
"బుగ్గ ఓసారి గిల్లుకోండి."
గిల్లుకుంది, గట్టిగానే.
లోపల్నుంచి పైకొచ్చింది అసలు రంగు,
పండీపండని నేరేడు మీద ఎండ పడ్డట్టు.
ఆ డబ్బా కింది అరలో ఉంది,
ఎవరూ అడక్క దుమ్ముపట్టి.

కుంచె ముంచి, విదిలించి, నవ్వమన్నాను.
నవ్వు ఉబ్బినచోట కాదు, వేలెడు పైన,
చెవివైపుకి రెండే రెండు తాకిళ్లు.

"అంచు సెరుపు," అంది అద్దంలోంచి.
"సచ్చిన సేప మొప్పలకి రంగేసేవోళ్లుంతారు.
ఎరుపు కాడ కాదు,
అంచు కాడ పట్టేత్తాం."

ఇరవై రోజుల ట్రైనింగులో ఎవరూ చెప్పలేదీ మాట.
వేలితో చెరిపాను, చెరుపుతూనే ఉన్నాను
నా రంగు ఎక్కడ ఆగిందో
నాకే తెలీనంతవరకు.

"ఎంత?"
"మూడొందల యాభై."
"కనపడకుండా ఉండడానికేటి, తల్లీ!"
అంటూనే కొంగుముడి విప్పింది.

మెట్లు దిగి ఆటో కోసం కేకేసింది.
ఆ కేకకి బుగ్గలు ఇంకాస్త కందాయి.
అది నేను వేసింది కాదు.