పన్నెండు దాటాక

నౌపడ నుంచి గుణుపురం దాకా
చిన్న రైల్లో నా ఒళ్ళో కూర్చుని వచ్చింది
పరీక్షల పెట్టె.
తొమ్మిది చెక్క దిమ్మలు, పద్దెనిమిది బొమ్మ కార్డులు,
ఒక స్టాప్‌వాచీ, నూట నలభై జవాబు కాగితాలు.
కిటికీలోంచి బొగ్గునుసి పడుతుంటే
కొంగు తీసి దానికే కప్పాను.

ఎనభై మూడు, జూలై.
పుట్టాసింగి బడి వరండాలో
నాకొక బల్ల వేశారు, పిల్లలకొక చాప.
పిలిచినవాడు గుమ్మంలో ఆగి
ముందు పెట్టెను చూసేవాడు,
తర్వాతే నన్ను.

ప్రశ్నల్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నేనే దించాను,
తెలుగు నుంచి ఒడియాలోకి బడి గుమస్తా,
ఒడియా నుంచి సవరలోకి వంటామె సోంబారి.
నా ప్రశ్నకన్నా ఆమె ప్రశ్న ఎప్పుడూ పొడుగు.
ఏం కలిపేదో ఇప్పటికీ తెలీదు.
"పోస్టాఫీసులో ఏం చేస్తారు?" అంటే
ఒక పిల్ల "నిద్రపోతారు" అంది.
సున్నా వేశాను.
సాయంత్రం ఉత్తరం వెయ్యడానికి వెళ్తే
పోస్టుమాస్టరు బల్లమీద తలపెట్టి గురక.
సున్నా దిద్దలేదు.

ఎనోసు గమాంగ్, తొమ్మిదేళ్ళు.
ముప్పై మూడు చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాను.
పన్నెండు దాకా పరుగు.
పన్నెండు దగ్గర ఆగాడు.
వేలు గింజమీద, కళ్ళు చూరుమీద.
నా చేతిలో ముల్లు తిరుగుతోంది,
అయిదు సెకన్లు, ఆరు...
మళ్ళీ కదిలి, ఇరవై దగ్గర మళ్ళీ నిలబడ్డాడు.
నలభై సెకన్లు దాటితే మార్కు లేదు.
నలభై మూడు.

పేరు కింద గీత గీసి రాశాను:
మందగతి.
ఆ రోజుల్లో నా దస్తూరి బావుండేది.

ఆ నూట నలభై కాగితాలే నా డాక్టరేటు.
సగటు, విచలనం, ప్రామాణిక దోషం...
దోషమన్న మాట ఎన్ని వందల సార్లు వాడానో,
ఒక్కసారీ అది నా వైపు తిరగలేదు.
రీడర్నయ్యాను, ప్రొఫెసర్నయ్యాను.
నల్లబల్లమీద గీసే ఆ వక్రరేఖ
గంటలా ఉంటుందని పుస్తకాలు.
నాకైతే వంశధార ఇసకలో
బోర్లించిన పడవ.
ఎడమ కొసన, పడవ నేలకానే చోట
కొందరు పిల్లల్ని పెట్టి మూసేదాన్ని.
గాలాడుతుందో లేదో చూడలేదు.

ఇరవై రెండేళ్ళకి సిలాసు రైకా అని
ఒక సవర కుర్రాడు నా దగ్గర పరిశోధనకి చేరాడు.
టీ తాగుతూ, ఊరికే, లెక్కపెట్టి వినిపించాడు.
పన్నెండు. పన్నెండూ ఒకటి. పన్నెండూ రెండు.
ఇరవైకి మళ్ళీ వేరే పేరు.
ముప్పై మూడంటే
ఇరవై, పన్నెండు, ఒకటి.
"మధ్యలో కాస్త ఆగాలి మేడం,
మెట్టు మారుతుంది కదా."
అతని కప్పు ఖాళీ అయింది.
నాది మీగడ కట్టింది.

ఉద్యోగం దిగాక వెళ్ళాను.
ఇప్పుడు పెద్ద రైలు. నుసి లేదు.
గుణుపురం సంతలో, జీడిపిక్కల కాటా దగ్గర
దొరికాడు ఎనోసు. చెవుల పక్కన నెరిసింది.
బేరగాడితో తెలుగు, సేటుతో ఒడియా,
బస్తా దించిన ముసలామెతో సవర.
ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి
గడప తగలకుండా దాటుతున్నాడు.

"పుట్టాసింగిలో పరీక్ష పెట్టాను, గుర్తుందా?"
కాటామీంచి చూపు తియ్యకుండా అన్నాడు:
"ఏటి, బిస్కట్ల మేడమా!
మీ గడియారానికి ఒకటే ముల్లుండేది.
పాడైపోనాదని జాలేసింది మాకు."

నవ్వాను.
క్షమించమనడానికి ఒక వాక్యం
రైల్లో మూడు భాషల్లోనూ కూడబలుక్కున్నాను.
సంతలో ఒక్కటీ నోటికి రాలేదు.
కాగితం బ్యాగులోనే ఉంది.
"కొంచెం తప్పుకోండమ్మా" అన్నాడు.
తప్పుకున్నాను.

కాటా ముల్లు ఊగుతోంది.
ముసలామె చూస్తోంది, ఎనోసు చూస్తున్నాడు.
అది నిలబడేదాకా
ఎవరూ ఏమీ రాసుకోలేదు.