పావు చుట్టు

స్టీరియో పోయిన తెల్లారి
కారు ముందుపళ్ళు రాలినదానిలా ఉంది.
ఆ తొర్రలోంచి నాలుగు తీగలు వేలాడుతున్నాయి.
అయనావరం స్టేషన్లో రాసుకున్నారు.
మధ్యలో ఇంకు అయిపోతే
నా పెన్ను అడిగాడు రైటరు, తిరిగివ్వలేదు.
అదీ పోయిందని రాయమందామనుకున్నాను.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అలారం పదిహేడు వందలు,
బిగించడానికి ఇంకో తొమ్మిది వందలంట.
ఆ తొమ్మిది వందల దగ్గర నాకు పౌరుషం వచ్చింది.
ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాను.
నల్లబల్ల మీద ఎన్ని బల్బులు గీశానో,
ఒక్కటీ వెలగలేదు.

ఆదివారం. బ్యాటరీ నల్లకొస ఊడదీసి
డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను.
కాళ్ళు వీధిలో, తల చీకట్లో.
పై వాటా కోమలాంబగారు టార్చి పట్టుకుని
"ఎరుపుకి ఎరుపేగా, దీనికి చదువెందుకు" అంది.
ఎరుపుకి ఎరుపు కాదమ్మా.
కాగితంలో గోధుమరంగు అన్నది
కారులో ఊదా.
ఊదాని వెతుక్కుంటూ పోతే
నాకంటే ముందెవరో ఇక్కడే ఇలాగే పడుకుని
తీగ కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టి వెళ్ళారు.
కరిగిన జిగురు వేలికి అంటుకుంది.
ఎవరి భయమో.
కారుతో పాటు నాకు అమ్మేశారు,
బిల్లులో చూపించలేదు.

మూడింటికి సైరన్ అరిచింది.
ఆరు రకాల గొంతులు,
ఐదోది అచ్చం గొంతు పట్టేసిన కోడిపుంజు.
వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు.
నా పాఠానికి చప్పట్లు, ఇదే మొదలు.

ఆ రాత్రి వేపకాయ పడితే అరిచింది.
మర్నాడు పిల్లి.
తర్వాత పాల వ్యాను.
తర్వాత ఏ కారణమూ లేకుండా, రెండూ పదికి.
ఇక అక్కణ్ణుంచి రోజూ రెండూ పదికే.
మొదటి రాత్రి ఏడు కిటికీలు వెలిగాయి,
నాలుగో రాత్రి రెండు,
తొమ్మిదో రాత్రి నాది ఒక్కటే.
దొంగకి ఇంత నియమం ఉండదు కదా!

పదో రాత్రి మెట్ల మీద కాపు కాశాను.
ఒక చేతిలో రిమోటు, ఇంకో చేత్తో దోమలు.
ఎదురు ఏటీఎం కాపలా ముసలాయన
స్టూలు దిగి, రోడ్డు దాటి,
నీళ్ళు తగిలినట్టు మెల్లగా
నా కారు తలుపుకి వీపు ఆనించాడు.
కోడిపుంజు.
ఉలిక్కిపడి వెనక్కి తిరిగి
కారుకే దణ్ణం పెట్టాడు.

"ఇంతకు ముందు అరిచేది కాదమ్మా" అన్నాడు.
బ్యాంకువాళ్ళ స్టూలుకి వీపు లేదు.
ఎనిమిది నెలలుగా, ఓ పావుగంట,
ఇక్కడే.
మరి స్టీరియో పోయిన రాత్రి?
ఊళ్ళో ఉన్నాడంట, మనవరాలికి చెవులు కుట్టించాలని
వారం సెలవు పెట్టి.
నమ్మాలో వద్దో తేల్చుకోలేక పేరడిగాను.
ఏళుమలై.
మన మాటలో ఏడుకొండలు.
ఏడు కొండలూ కలిసి ఆనుకుంటే
ఏ కారైనా అరవక ఏం చేస్తుంది!

మర్నాడు స్కూలు నించి వచ్చి మళ్ళీ కింద దూరాను.
సెన్సర్ మీద కందిగింజంత మర.
ఎడమకి తిప్పితే మొద్దు, కుడికి తిప్పితే పిరికి.
పావు చుట్టు ఎడమకి తిప్పి
బయటికొచ్చి నా వీపే ఆనించాను. అరిచింది.
మరో పావు. ఊరుకుంది.
కానీ ఆయనకి దగ్గుంది.
ఆ దగ్గుకి లెక్క కట్టి
ఇంకో అర పావు.
ఇప్పుడు తలుపు గుద్దితే అరుస్తుంది,
ఆనుకుంటే ఊరుకుంటుంది.
గుద్దడానికీ ఆనుకోవడానికీ మధ్య
దొంగ చెయ్యి ఎక్కడ పడుతుందో
కాగితంలో లేదు, నా సిలబస్‌లోనూ లేదు.

నిన్న రాత్రి రెండూ పదికి
మెలకువ వచ్చింది.
ఏ చప్పుడూ లేదు.
చప్పుడు లేదేమిటని
కంగారుగా లేచి కిటికీ తెరిచాను.