మేక కొరికిన గోడ

అక్టోబరు వస్తే మా నైలు డెల్టాలో
ఆకాశానికి మూత పడేది.
వరి కోసిన రాత్రే గడ్డికి అగ్గిపుల్ల,
ఇన్‌స్పెక్టర్ జీపు కాలవ దాటేలోపే.
నేనూ గీశాను. దాచిపెట్టడం దేనికి?
పొలమంతటి గడ్డి
పొయ్యి మీద పప్పు ఉడికేలోపు బూడిద.
ఆ రాత్రులు నా యూనస్
గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు,
నడుం వాలిస్తే ఊపిరి అందక.

ఆ ఏడు మా ఆడపడుచు రాతిబా
మన్సూరా కాలేజీ నుంచి ఒక సీసా తెచ్చింది.
సీసాలో తెల్లటి బూజు.
"ఇది గోడ కడుతుంది, వదినా."
మా అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది:
"బూజు దులిపి దులిపి అరిగిన చేతులివి!"

గడ్డి నరికి, వేడినీళ్ళలో నానేసి,
చల్లారాక బూజు కలిపి
చెక్క అచ్చుల్లో కూరాం.
కోళ్ళ గది ఖాళీ చేసి చీకట్లో దాచాం.
మొదటి విడత పచ్చగా కుళ్ళిపోయింది.
ఆ రోజు చేతులు కడుక్కోనిది నేనే,
రాతిబాకి ఇప్పటికీ చెప్పలేదు.

రెండో విడత, తొమ్మిదో రోజు, తలుపు తీస్తే
తొలకరి వాసన.
పరకకీ పరకకీ మధ్య తెల్లదారం.
ఎవరు కుట్టారో, సూది కనబడలేదు.
ఎండబెట్టి తడితే
కాలిన రొట్టెలా పలికింది.

ఇటుక బట్టీ హనఫీ వచ్చి వేలితో పొడిచాడు.
"ఎన్నాళ్ళుంటుంది ఇది?"
రాతిబా లెక్కలు తీయబోతే నేను అడ్డొచ్చాను:
"నీ ఇటుకల కోసం గీక్కుపోయిన మా పైమట్టి
ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది?"
టీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

యూనస్‌కి గది లేపాం.
సున్నం పూత ఆరకముందే
మేక తాడు తెంపుకొచ్చి మూల కొరికేసింది.
ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.
"గడ్డి తినే బుద్ధి పోనిచ్చుకోవు" అని తిట్టబోయి
నాలిక కరుచుకున్నాను.
నిరుడు దాకా దాన్ని తగలబెట్టింది మేక కాదు.

విరిగిన ముక్క ములూఖియా మడిలో పాతాం.
వేసవికి తవ్వి చూస్తే ముక్క లేదు,
వేళ్ళకి వానపాములు తగిలాయి.
ఆకు ముదురుగా వచ్చింది.
ఆ రోజు గోడనే పులుసు పెట్టుకు తిన్నాం.

మళ్ళీ అక్టోబరు.
కాలవ అవతల ఎవరో గీశారు.
కిటికీ మూయడానికి లేచాను.
యూనస్ పడుకుని ఉన్నాడు,
వెల్లకిలా,
ఒక చెయ్యి గోడ మీద.